ఒక్కటే ఉన్న ప్లేటు

2001లో హిందూపురం బస్టాండు దగ్గర నాకొక రికార్డింగ్ సెంటర్ ఉండేది. క్యాసెట్ల గిరాకీ పడిపోతుంటే సీడీ రైటర్, అంటే ఖాళీ సీడీ మీదికి పాటలు ఎక్కించే యంత్రం, కొనుక్కుని నా అంతటివాడు లేడని విర్రవీగుతున్న రోజులవి. “పాత ప్లేటు ఇచ్చి వెళ్లండి, సీడీ ఉచితం” అని బోర్డు పెట్టాను. అలా చేరిన గ్రామఫోను ప్లేట్లను బెంగళూరు వ్యాపారి ఒకాయన వచ్చి పట్టుకుపోయేవాడు.

ఒకరోజు ధర్మవరం నుంచి మగ్గం నేసే ఓబులేసు, వాళ్లమ్మ గంగమ్మవ్వ వచ్చారు. అవ్వ సంచిలోంచి పాత చీర ముక్కలో చుట్టిన చిన్న ప్లేటు తీసింది. ఆమె భర్త పెనుకొండలో నాటకాల్లో పద్యాలు పాడేవాడట. ఎవరో మద్రాసు తీసుకుపోయి ఒకే ఒక్క పద్యం రికార్డు చేయించారు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఒక ఫోటో, ఆ మూడు నిమిషాల గొంతు, అంతే మిగిలాయి.

“మిషన్‌కు ముల్లు యాడా దొరకల్యాదన్నా. అమ్మకు దినామూ ఇనకుంటే పొద్దు పోదు” అన్నాడు ఓబులేసు.

“సీడీకెక్కిస్తే అరిగేది లేదు, ముల్లు మార్చేది లేదప్పా. నీ మనవళ్లు గూడా ఇంటారు” అన్నాను. ఆ మాట నేను మనస్ఫూర్తిగా నమ్మే అన్నాను.

ప్లేటు తిరుగుతుంటే చిటపటలు, గరగరలు. నాయిస్ రిడక్షన్ అని కంప్యూటర్‌లో అనవసరపు చప్పుళ్లు తీసేసే పద్ధతి ఉంటుంది. దానితో ఒక పూటంతా కూర్చుని తోమిందే తోమాను. పద్యానికి ముందున్న గరగరనైతే మొత్తం కోసేశాను. అవ్వ విని నావైపు తిరిగింది.

“పాడే ముందర గట్టిగా ఊపిరి పీల్చుకుంటాడు గదా, అది యాడబ్బా?”

“అది చప్పుడవ్వా, తీసేసినా.”

“ఆయన ఊపిరి నీకు చప్పుడైందా!” అంది.

నేను నవ్వేసి, ఆయన ఫోటోను స్టిక్కర్‌గా ముద్రించి సీడీ పైన అతికించి ఇచ్చాను. అవ్వ మురిసిపోయి కళ్లకద్దుకుంది. బోర్డు మీద రాసినట్టే ప్లేటు నా దగ్గర వదిలి వెళ్లారు. ఆ నెలలోనే అది బెంగళూరు పోయింది. పద్యాన్ని కంప్యూటర్‌లోంచీ చెరిపేశాను, చోటు చాలదని.

ఐదేళ్లకు ఓబులేసు మళ్లీ వచ్చాడు. ఒక చేతిలో గాజుబిళ్లలా అవతలివైపు కనిపిస్తున్న సీడీ, ఇంకో చేతిలో నలిగిన స్టిక్కర్. “నాయన ఫోటో ఉబ్బి సీడీ ప్లేయర్‌లో తట్టుకుంటాండాదని పీకినాన్నా. మెరిసే ఎండి పూతంతా దీంతోనే వచ్చేసింది” అన్నాడు.

కిందివైపు మెరుస్తుంది కాబట్టి పాట అక్కడ ఉంటుందని అందరిలాగే నేనూ అనుకునేవాణ్ని. పాటను పట్టుకునే పొర ఉండేది పైవైపున, సరిగ్గా నేను జిగురు పూసినచోట. నా వృత్తికి సంబంధించిన ఆ మొదటి పాఠం నాకు ఆ రోజు తెలిసింది.

“పోనీలే, మా ప్లేటు ఉండాది గదా. ఇంకోటి చేసియ్యి” అన్నాడు.

బెంగళూరుకు ఫోన్ చేశాను. పేరులేని పాటగాళ్ల ప్లేట్లు ఎవరూ కొనరని, వేడిచేసి గిన్నెల్లా వంచి అలంకారానికి అమ్మేశామని వ్యాపారి తేలిగ్గా చెప్పాడు. అతన్ని తిట్టే హక్కు కూడా నాకు లేదు. ఉన్న సంగతి ఓబులేసుకు చెప్పాను.

“అమ్మకు ఏం చెప్పల్ల?” అన్నాడు ఓబులేసు. నిజం చెప్పమనాల్సింది. “రిపేరీలో ఉండాదని చెప్పప్పా” అన్నాను. పిరికి వెధవను.

తర్వాత అతను హిందూపురం వచ్చినప్పుడల్లా అంగడిలోకి తొంగిచూసేవాడు. “అమ్మ అడగతాంది. రేడియో గూడా పెట్టనీదు, ఆయనదే ఇంటానంటాది.” నేను తలదించుకుని ఏదో ఒక వైరు సర్దుతూ, ఇంకో వారం అనేవాణ్ని. ఆ గొంతు ఇక రాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఐదో నెలలో గుండుతో వచ్చాడు. లోపలికి రాలేదు. “ఇంగ రిపేరీ వద్దులేన్నా” అని చెప్పి రైలు టైమైందని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే బోర్డు పీకేశాను. ఇప్పుడు ఎవరు ఏది తెచ్చినా నకలు తీయగానే అసలును వాళ్ల చేతిలో పెట్టి, “ఇది మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు” అని చెబుతాను. ఇంత చిన్న సంగతి నాకు తెలిసిరావడానికి, ఒక ముసలామె తన చివరి ఐదు నెలలూ పెనిమిటి గొంతు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.