సున్నాను డిఫరెన్షియేట్ చేసిన పూట

ఉదయగిరిలో మాది టోకు కిరాణా కొట్టు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, మూడు కాలేజీల్లో డెమో క్లాసు చెప్పి, మూడు చోట్లా ‘కబురు చేస్తాం లెండి’ అనిపించుకుని వచ్చాను. నాలుగోది ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. ఇదీ పోతే ఇక కొట్లో కూర్చోవాల్సిందేనని నాయన తేల్చేశాడు. నాకేమో బెల్లం బస్తాల వాసనకే తలనొప్పి. పాఠం చెప్పడం తప్ప ఇంకేదీ వద్దు నాకు.

బస్సులో దారి పొడవునా ప్రొజెక్టైల్ మోషన్ వల్లించుకుంటూనే ఉన్నాను.

ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చున్నాడు. విసిరిన బంతి బొమ్మ గీసి, అది పైకి పోయే వెలాసిటీకి ఫార్ములా రాశాను: యు సైన్ తీటా మైనస్ జి టి. బంతి శిఖరానికి చేరే టైము అందులో పెడితే సున్నా వచ్చింది. అంతవరకూ భేషుగ్గా ఉంది. ఇక అక్కడ యాక్సిలరేషన్ కావాలంటే, అంటే వెలాసిటీ ఎంత చొప్పున మారుతోందో తెలియాలంటే, ఆ ఫార్ములాను డిఫరెన్షియేట్ చేయాలి. కంగారులో ఫార్ములాను వదిలేసి, చేతికందిన సున్నాను డిఫరెన్షియేట్ చేసేశాను. సున్నాకు సున్నా కాక ఇంకేం వస్తుంది? యాక్సిలరేషన్ సున్నా అని రాసి, పైగా కింద రెండు గీతలు కూడా కొట్టాను.

ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది. అనంతసాగరం నుంచి రోజూ ఆటోలో వచ్చే పిల్లట, తర్వాత తెలిసింది.

“సార్, అట్లయితే బాల్ కిందికి రాదు గదా? ఆడనే ఉండిపోతాది.”

క్లాసంతా గొల్లుమంది. మా పంతుళ్లందరూ తరతరాలుగా వాడుకుంటున్న మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. మీరు వింటున్నారో లేదో చూద్దామని కావాలనే తప్పు రాశానన్నాను. ముందు డిఫరెన్షియేట్ చేసి ఆ తర్వాతే టైము పెట్టాలని, అప్పుడు మైనస్ జి వస్తుందని, బంతి బుద్ధిగా కిందికి దిగుతుందని చకచకా చెరిపి రాశాను. ప్రిన్సిపాల్ ముఖం వెలిగిపోయింది. పాఠమంటే ఇట్లా చెప్పాలంటూ సోమవారం నుంచి రమ్మన్నాడు.

గాల్లో తేలుతూ వరండాలోకి వచ్చాను. ఆ అమ్మాయి ఎదురొచ్చి తన యూనిట్ టెస్టు పేపరు చూపించింది. అచ్చం నా తప్పే. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది.

“నేనూ ఇట్నే చేసినాను సార్. నాకు మార్కులు పోయినాయి. మీకు ఉద్యోగం వచ్చింది.”

సిగ్గుతో చచ్చిపోయాను. సోమవారం మొదటి పీరియడ్‌లో, హాజరు కూడా పిలవకముందే, ఆ తప్పు కావాలని చేసింది కాదని అందరి ముందూ ఒప్పేసుకున్నాను. ఇది ప్రిన్సిపాల్ చెవిన పడితే నా గతేమిటని గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను.

“మాకందరికీ ఆ పొద్దే తెలుసు సార్” అంది ఆ అమ్మాయి, నోటుబుక్కు తెరుస్తూ.