ముప్పై ఆరు మీద ఏడు చుక్కలు

రెండువేల ఇరవై మూడు, ఎండలు ముదిరిన కాలం. నందికొట్కూరులో మార్కెట్టుకు పోయే దారిలో నా టైలరు షాపు. పదడుగుల గది, రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకు నిలువుటద్దం. పాంట్లు, చొక్కాలు కుట్టబట్టి ముప్పై ఏండ్లు దాటింది. అందరూ రెడీమేడ్ కొంటాండారు గదా, నీ దగ్గరికి ఎవరొస్తారప్పా మస్తానూ అని అడుగుతారు. రెడీమేడ్ పట్టనోళ్ళు వస్తారు. పొట్ట ఒక సైజు, తొడ ఒక సైజు, కాళ్ళు ఇంకో సైజు ఉండే పెద్దమనుషులంతా నా కస్టమర్లే. ఎవరి ఒళ్ళు ఎట్ల మారుతాండాదో ఆస్పత్రి కంటే ముందు నా టేపుకు తెలుస్తాది. తెలిసీ నేను నోరు మూసుకున్న కథ ఇది.

శంకర్ రెడ్డన్నది ఎరువుల అంగడి. నా షాపుకు నాలుగంగళ్ళ అవతల. నాలుగే అంగళ్ళు, అయినా మోటర్ సైకిల్ ఎక్కి వచ్చేవాడు. నాకన్నా రెండేండ్లు పెద్ద. చెయ్యి పెద్దది, మనసు పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఆయనకు ఒకటే పిచ్చి నమ్మకం, తన నడుం ముప్పై ఆరని.

"పెండ్లప్పుడు ముప్పై ఆరు మస్తానూ, ఈపొద్దుకీ ముప్పై ఆరే. మా వంశంలో ఒళ్ళు పెరగదు" అనేవాడు. అనేటప్పుడు పొట్ట లోపలికి పీల్చి, ఎదురు రొమ్ము మీద ఒకటి చరుచుకునేవాడు.

పద్దెనిమిదేండ్ల కిందట ఒకసారి టేపు పెట్టి ఉన్నమాట చెప్తిని. "ముప్పై ఏడన్నా" అని. షాపులో ఇంకిద్దరు ఉన్నారు. ఒకాయన కిసుక్కుమన్నాడు. అంతే, రెడ్డన్న గుడ్డ చంకన పెట్టుకుని ఇంకో టైలరు దగ్గరికి పోయినాడు. ఆ టైలరు పాపం ఆయన చెప్పిన కొలతకే కుట్టిచ్చినాడు. బంధువుల పెండ్లిలో పంక్తిలో కూర్చోబోతే, వెనక కుట్టు పర్రుమని విడిపోయిందంట. వడ్డించేవాని భుజం మీద తువ్వాలు లాక్కుని నడుముకు చుట్టుకుని ఇల్లు చేరినాడు. వారం తిరక్కుండా నా దగ్గరికొచ్చి, "వానికి కుట్టడం రాదు లేప్పా" అన్నాడు.

ఆపొద్దు నాకు తెలివొచ్చింది. తెలివి కాదు, తెలివి అనుకున్నా. నోటికొక కొలత, కత్తెరకొక కొలత. టేపు ఎంత చూపించినా పైకి "ముప్పై ఆరన్నా" అంటాను. కొలతల బుక్కులో ఆయన పేరు పక్కన ముప్పై ఆరని రాసి, పెరిగిన ప్రతి అంగుళానికీ దాని మీద ఒక చుక్క పెడతాను. ఒక చుక్క రెండైంది, రెండు నాలుగైంది. రెండువేల ఇరవై మూడుకు ఏడు చుక్కలు.

మా పనిలో మార్జిన్ అని ఒకటుంది. పాంటు వెనక కుట్టు లోపల మడిచిపెట్టే ఎక్కువ గుడ్డ. ఒళ్ళు పెరిగితే కుట్టు విప్పి దాన్ని వదులుతాం. అందరికీ అంగుళం పెడితే రెడ్డన్నకు రెండున్నర పెట్టేవాణ్ణి. గుండీ ఊడిందని పాంటు పంపిస్తే, గుండీతో పాటు గుట్టుగా మార్జిన్ కూడా వదిలి పంపేవాణ్ణి. "నీ చేతి బట్ట ఎన్నేండ్లయినా అట్లే పడతాదప్పా!" అని ఆయన బజారంతా చెప్పేవాడు. నాకు కస్టమర్లు పెరిగినారు, ఆయనకు పొట్ట పెరిగింది.

పెరగదా మరి? పొద్దున బొరుగుల ఉగ్గాని, పక్కన నాలుగు మిరపకాయ బజ్జీలు. అంగట్లో కూర్చుంటే ఆరేడు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర. అంగడి కట్టేసి ఇంటికి పోయి, పదిన్నరకు ముద్దలు ముద్దలుగా అన్నం తిని, కంచం కడిగే లోపలే గురక. ఎన్నిసార్లు చూసినా ఒక్క మాట అనలేదు నేను. మర్యాద అనుకున్నా.

ఒకరోజు మధ్యాన్నం ఆయన భార్య సరోజ వదిన షాపుకొచ్చింది. చేతిలో పాంటు లేదు, గుండీ లేదు.

"మస్తానన్నా, ఒక మాట అడుగుతా, అబద్ధం చెప్పొద్దు. మీ రెడ్డన్న నడుం ఎంత?"

నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

"మొన్న అంగట్లో తల తిరిగి కూలబడినాడు. కర్నూలుకు పిల్చుకపోతిని. బీపీ ఉండాది, షుగరు గడప మీదికొచ్చి నిలబడింది అనింది డాక్టరమ్మ. నడుం నలభై మూడు అనింది. నాలుగు నెలలు టైమిస్తా, నడవండి, తిండి సర్దుకోండి, లేకపోతే ఇంక జీవితాంతం మాత్రలే అనింది. ఈయన ఏమన్నాడో తెల్సా? 'నీ టేపు తప్పు. మా మస్తాను ఏండ్ల తరబడి ముప్పై ఆరు అంటాండాడు. టేపే తప్పయినాక నీ షుగరు మిషను మాత్రం సరిగ్గా ఉంటాదా?' అని లేచొచ్చినాడు."

కత్తెర బల్ల మీద పెట్టి, స్టూలు ఆమె ముందరికి జరిపినా.

"మా బావగారు, ఈయన వాళ్ళన్న, కూడా ఇట్లే నాకేమైతాది అన్నాడు. రెండేండ్లయింది ఒక పక్క పడిపోయి. ఆయనకు అన్నం కలిపి నోట్లో పెట్టేది నేనే. ఇంకొకరికి కూడా పెట్టే శక్తి నాకు లేదన్నా" అని కొంగుతో కండ్లు తుడుచుకుంది.

బుక్కు తీసి ఆమె ముందర పెడితిని. ముప్పై ఆరు మీద చుక్కలు చూపించి, "ఒక్కోటి ఒక్కో అంగుళం వదినా" అంటిని. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. ఏడు. నా మొగంలోకి చూసి, "ఎంత పని చేస్తివన్నా. ఆయన డాక్టరమ్మను నమ్మడు, నన్ను నమ్మడు. నమ్మేది నిన్నొక్కణ్ణే, నువ్వు కండ్లకు గంతలు కడితివి" అనింది. భూమిలోకి కుంగిపోతే బాగుండు అనిపించింది నాకు.

ఇంటికి పోయి, చుక్కల సంగతి చెప్పకుండా ఆమె ఏమని రెచ్చగొట్టిందో గానీ, తెల్లారే రెడ్డన్న కారు నా షాపు ముందర ఆగింది.

"మస్తానూ, టేపు తీసుకో. కర్నూలుకు పోతాండాం. కొలత ఎట్ల తీయాల్నో ఆ డాక్టరమ్మకు నేర్పించి వద్దాం!"

ముందర సీట్లో ఆయన, వెనక సీట్లో వదిన, ఆమె పక్కన మెడలో టేపుతో నేను. దారిలో కారు ఆపించి బజ్జీలు తెప్పించినాడు. "తినప్పా, నువ్వే గదా నా సాక్షి" అని నాకు రెండు ఎక్కువ పెట్టినాడు. పొట్లం అట్లే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా చెల్లెలి కూతురంత ఉంటాది. నన్ను ఎగాదిగా చూసి, "ఆ టైలరు మీరేనా? కొలవండి" అనింది.

రెడ్డన్న నిలబడి ఊపిరి బిగబట్టినాడు. పొట్ట లోపలికి పోయింది, రొమ్ము ముందరికొచ్చింది, మొగం టమేటా మాదిరి ఎర్రబడింది.

"గాలి వదలండి సార్."

"నేనెప్పుడూ... ఇట్లే... ఉంటా" అన్నాడు, ఊపిరి వదలకుండానే.

టేపు చుట్టినా. ఆయన పాంటు బొడ్డు మీదికే కట్టుకునే మనిషి, కాబట్టి డాక్టరమ్మ కొలిచే చోటూ నేను కొలిచే చోటూ ఒకటే. తప్పించుకునే దారి లేదు.

"చెప్పప్పా, గట్టిగా చెప్పు!"

నా నోటికి పద్దెనిమిదేండ్ల అలవాటు. "ముప్పై..." అని వచ్చేసింది. రెడ్డన్న గర్వంగా డాక్టరమ్మను చూసినాడు. వాకిలి దగ్గర వదిన నన్ను చూసింది. యా అల్లా అనుకుని కండ్లు మూసుకున్నా.

"నలభై మూడన్నా."

"ఏంది నలభై మూడు?"

"నీ నడుమన్నా."

ఆయన టేపు వైపు చూసి, "పొద్దున ఉగ్గాని కొంచెం ఎక్కువైంది" అన్నాడు.

"ఉగ్గాని ఏడంగుళాలు రాదు సార్" అనింది డాక్టరమ్మ.

"ఎప్పట్నుంచి మస్తానూ?" అని అడిగినాడు నన్ను. ఆ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "పద్దెనిమిదేండ్లుగా పెరుగుతాండాదన్నా. నీకు కష్టమైతాదని నేనే చెప్పలేదు" అంటిని. అంతసేపు బిగబట్టిన గాలి ఆయన ఒక్కసారి వదిలేసినాడు. నా చేతిలో టేపు ఇంకో అంగుళం జరిగింది. డాక్టరమ్మ తొంగి చూసి, పాత అంకె కొట్టేసి నలభై నాలుగు అని రాసుకుంది.

ఆమె పెద్ద పెద్ద మందులేమీ రాయలేదు. బీపీకి ఒక చిన్న మాత్ర, మిగతాదంతా మాటలే. అంగడికి నడిచి పోండి. పొద్దున ముప్పావుగంట ఆగకుండా నడవండి. రాత్రి ఎనిమిది లోపల తినేయండి. కంచం చిన్నది పెట్టుకోండి, అందులో సగం కూరగాయలే ఉండాల. టీలో చక్కెర మానేయండి, ఉప్పు తగ్గించండి.

"బజ్జీలు?" అన్నాడు రెడ్డన్న.

"వారానికి రెండు."

"రెండు ప్లేట్లా?"

"రెండు బజ్జీలు."

తిరిగొచ్చేటప్పుడు బజ్జీల దగ్గర కారు ఆపించలేదు. నా షాపు దగ్గర దింపి, మొగం చూడకుండానే, "శత్రువు కూడా ఇంత పని చేయడు మస్తానూ" అన్నాడు. లోపలికి పోయి మిషను ముందర కూర్చుని ఏడ్చినా. కస్టమరు పోయినందుకు కాదు. ఆయన వాళ్ళన్న మాదిరి పడిపోయింటే, ఆ పాపంలో సగం నాదే గదా.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన నా గడప తొక్కలేదు. కానీ రోజూ కనపడేవాడు. మోటర్ సైకిల్ మానేసి అంగడికి నడిచిపోతాండాడు. నా మొగం చూడకూడదని నా షాపు దారి వదిలేసి, మార్కెట్టు వెనక నుంచి చుట్టు తిరిగి ఎదురుపక్కన తేలేవాడు. నా మీద కోపంతో పూటకు ఫర్లాంగు ఎక్కువ నడుస్తాండాడు. ఇంకొన్నాళ్ళు కోపం ఉండనీ దేవుడా అనుకునేవాణ్ణి.

ఇంట్లో సంగతులు వదిన చెప్పిపోయేది. చిన్న కంచం పెడితే నాలుగు మార్లు వడ్డించుకున్నాడంట. కొర్రన్నం పెడితే, "పిట్టలకు పోసేది నాకు పోస్తాండావా?" అని రంకెలేసినాడంట. రెండో వారం ఎరువుల బస్తాల వెనక బజ్జీల పొట్లం దొరికిందంట. మూడో నెలలో మాత్రం ఆయనే, "ఎనిమిదైతాండాది, అన్నం పెట్టవేమే?" అని కేకలేసినాడంట. ఆ మాట చెప్పేటప్పుడు వదిన మొగం వెలిగిపోయింది.

ఒకరోజు పొద్దున పదిగంటలకు, షాపులో ముగ్గురు కస్టమర్లు ఉండగా, రెడ్డన్న వచ్చినాడు. నడిచొచ్చినాడు. ఒక చేత్తో పాంటు ఎత్తి పట్టుకోనుండాడు.

"జారిపోతాండాది. ఏం కుట్టినావప్పా నువ్వు?" అని గదమాయించినాడు. టేపు తీసుకుని దగ్గరికి పోతే, ఆయన ఊపిరి బిగబట్టలేదు. మామూలుగా నిలబడినాడు.

"నలభైన్నర అన్నా."

"వినపడలేదు."

"నలభైన్నర!"

"బజారుకు వినపడేటట్ల చెప్పు!"

అరిచినా. ఎదురంగడి వాళ్ళు తిరిగి చూసినారు. రెడ్డన్న నవ్వినాడు. "షుగరు గడప దిగి పోయింది మస్తానూ. షుగరు మాత్రలు వద్దనింది ఆ యమ్మ. ఇంకా తగ్గుతా చూడు" అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని నిలబడిపోయినా.

ఆయన ఊరుకుంటాడా? నా మెడలో టేపు లాక్కున్నాడు. "నువ్వు రా ఈడికి. చేతులెత్తు."

నేను లుంగీ మనిషిని. లుంగీ కట్టుకునేవానికి నడుం పెరిగింది తెలీదు, ముడి కొంచెం ఇవతలికి వేసుకుంటే సరిపోతాది. ముప్పై ఏండ్లుగా ఊరందరి నడుములూ కొలిచినా గానీ, నా నడుం ఒక్కసారీ కొలుచుకోలేదు. కూర్చున్న చోటు కదలను, టీ కూడా కుట్టు మిషను దగ్గరికే వస్తాది.

"నలభై ఒకటి!" అని ఊరు దద్దరిల్లేటట్ల అరిచినాడు రెడ్డన్న.

"టేపు పాతదన్నా, సాగిపోయింది" అన్నా నేను. షాపులో అందరూ పడీ పడీ నవ్వినారు.

ఇప్పుడు ఎవరి కొలత పెరిగినా ఉన్నదున్నట్లే బుక్కులో రాస్తాండా. అందరి ముందర అరవను. దగ్గరికి పోయి, వాళ్ళ చెవిలో, "పోయినసారికి ఇప్పటికి రెండంగుళాలు పెరిగిందన్నా, ఒకసారి డాక్టరుకు చూపించుకో" అంటా. ఇద్దరు ముగ్గురు అలిగి పోయినారు. పోనీ. మనిషిని నొప్పించకూడదని ఉన్నమాట దాస్తే అది మర్యాద కాదని, నేను శానా ఆలస్యంగా నేర్చుకున్నా.

రోజూ పొద్దున నమాజు కాంగానే రెడ్డన్న మా వీధి మలుపులో నిలబడి ఉంటాడు. ఇద్దరం ఆత్మకూరు రోడ్డు పట్టుకుని పోతాం. ఆయన ముందర, నేను రొప్పుకుంటా వెనక.

"ఇంకెంత దూరమన్నా?"

"అదిగో, ఆ వేపమాను దాకానే."

వేపమాను దాటినాక, "ఆ మోరీ దాకానే" అంటాడు. మోరీ దాటినాక, "అదిగో, ఆ గుడ్డిదీపం స్తంభం దాకానే" అంటాడు. నేను పద్దెనిమిదేండ్లు అబద్ధం చెప్పి ఆయన్ను కూర్చోబెడితిని. ఆయన రోజూ పొద్దున్నే అబద్ధం చెప్పి నన్ను నడిపిస్తాండాడు. తెలిసీ తెలియనట్లు, "సరే అన్నా" అని నడుస్తాండా.