సబ్బునీళ్లలో పసుపు గిలక్కాయ

అది మొదలైంది ఒక గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు. ఆ రోజుల్లో నేను అమ్మమ్మ ఉద్యోగంలో కొత్త. సర్వీసు అప్పటికి ఎనిమిది నెలల నాలుగు రోజులు, అంటే మా మనవరాలి వయసెంతో అంతే. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకుండే దుడుకంతా నాకూ ఉండేది. అంతకు ముందు ముప్పై నాలుగేళ్లు నగర్తపేటలో ఒక పట్టుచీరల కొట్టులో రంగు చూసే పని చేశాను. అద్దకం నుంచి వచ్చిన పట్టును తడి తెల్లగుడ్డతో పన్నెండుసార్లు రుద్ది, ఇరవై నిమిషాలు వేడి సబ్బునీళ్లలో ఉంచేదాన్ని. రంగు దిగితే వెనక్కి, దిగకపోతే లోపలికి. నా చేతిమీదుగా లోపలికి వెళ్లిన చీర ఒక్కటీ తిరిగి రాలేదు. (ఒక్కటి వచ్చింది. కట్టుకున్నావిడే దానిమీద ఏదో ఒలకబోసుకుందని తరవాత తేలింది.)

ఆ గురువారం సర్జాపుర రోడ్డులో మా అమ్మాయి వాళ్ల ఫ్లాట్లో చాప మీద కూర్చుని పాపను కనిపెట్టుకుని ఉన్నాను. దాని చేతిలో పసుప్పచ్చని చెక్క గిలక్కాయ. దాన్ని ఆడించడం లేదు, తింటోంది. ఐదు నిమిషాల్లో పదిహేడుసార్లు నోట్లో పెట్టుకుంది. గిలక్కొట్టింది ఒక్కసారే, అదీ పొరపాటున. ఇంత రంగు, ఇంత చొంగ, ఇందులో లోపలికి పోయేదెంత? ఆ కుతూహలం పట్టుకుందంటే నన్ను ఇక ఎవరూ ఆపలేరు.

"ఇది ఎక్కడ కొన్నావే?"

"మన సండే సంతలోనే అమ్మా, ఆ తాత దగ్గర. అన్నీ నేచురల్ కలర్సే, సేఫ్."

"ఎవరు చెప్పినారు?"

"ఆ తాతే."

"మజ్జిగ అమ్మే మనిషి పుల్లగా ఉండాదని చెప్తుందా?"

"అమ్మా, ప్లీజ్, నాకు కాల్ ఉంది" అని అమ్మాయి గది తలుపు వేసుకుంది. నేను దాన్ని అనుమతిగా తీసుకున్నాను.

పాప నిద్రపోగానే దాని బొమ్మలు పదమూడూ బాత్రూంలో వరసగా పెట్టి, పద్దులు రాసుకునే నా పుస్తకం తెరిచాను. గుడ్డ ఏనుగు కన్ను లాగి చూశాను, ఊడి వచ్చింది. ఫెయిలు. (లాగకపోతే ఊడేది కాదని మా అమ్మాయి ఇప్పటికీ వాదిస్తుంది.) బారసాలకు ఎవరో ఇచ్చిన ఎర్ర కారు, పేరూ ఊరూ లేనిది, అద్దంలా మెరుస్తోంది. ఇరవై నిమిషాలు వేడి సబ్బునీళ్లలో ఉంచితే చుక్క రంగు దిగలేదు. నా కళ్లు చల్లబడ్డాయి. ఆఖరికి గిలక్కాయ. నాలుగో నిమిషంలో నీళ్లు ఎర్రబడ్డాయి. పసుప్పచ్చని బొమ్మలోంచి ఎర్రని నీళ్లు! పైకి ఒక రంగు, లోపల ఒక రంగు. ముప్పై నాలుగేళ్లలో ఇంత మోసం చూడలేదు. పాప లేవగానే దాని చేతికి కారు ఇచ్చాను.

ఆదివారం సంత మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంటు గేటు లోపలే జరుగుతుంది. ఆ ఎర్రనీళ్లు సీసాలో పోసుకుని, పిల్లల తల్లులు ఐదారుగురు బొమ్మలు ఏరుకుంటున్న సమయం చూసుకుని వెళ్లాను.

"ఏమప్పా, ఇదేం రంగు? పసిబిడ్డల నోట్లో పోసేదేనా?"

బొమ్మల తాత సీసాను ఎండకెత్తి చూశాడు. "ఏం నీళ్లల్లో వేసినారమ్మా?"

"ఏం నీళ్లైతే నీకెందుకు? దిగిందా లేదా?"

"సుమ్నే, ఊరికే మాట అనకండమ్మా. అంగళ్లవాళ్లు మా బొమ్మలు కొనేది నిలిపేసినారు. నాకు ఈ సంతె ఒకటే ఉండాది."

నేను వినలేదు. తల్లులు మాత్రం నా మాట విన్నారు, చేతిలో ఉన్నవి పెట్టేసి జరిగిపోయారు. ఆ మరుసటి ఆదివారం ఆయన జాగాలో పాప్‌కార్న్ మిషను ఉంది. తాత రాలేదు. నాకు గర్వంగానే ఉండింది, దాచిపెట్టడం ఎందుకు?

మొదటి గురువారం నుంచి లెక్కవేస్తే పందొమ్మిదో రోజున పాప పెదవి మీద ఎర్రగా ఏదో అంటుకుని కనిపించింది. రక్తమనుకున్నాను. తుడిస్తే వేలి మీదికి వచ్చింది, గోరు ముక్కంత పెచ్చు. కారు అంచున రెండు పంటి గాట్లు, వాటి మధ్య రంగు లేచిపోయిన చోటు. (పళ్లు ఆ నెలలోనే వచ్చాయి. ఉన్నవి రెండే.) డాక్టరమ్మ రక్తపరీక్షకు రాసి, నా పరీక్ష సంగతి ఓపిగ్గా విని, "రంగు దిగలేదంటే గట్టిగా అతుక్కుందని అర్థమండీ, మంచిదని కాదు. ఇలాంటి పెయింటులో సీసం ఉండొచ్చు" అంది. బయటికి వచ్చాక అమ్మాయి ఒక్కటే మాటంది: "అమ్మా, పాప చీర కాదు."

భయపడాల్సింది ఏమీ లేదని రిపోర్టు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను అన్నం తిన్నానో లేదో పుస్తకంలో రాసి లేదు. మూడో రోజు, గిలక్కాయ వచ్చిన అట్టపెట్టె మీది చిరునామా పట్టుకుని నగర్తపేటకు వెళ్లాను. నేను ముప్పై నాలుగేళ్లు నడిచిన సందుకు రెండు సందుల అవతలే ఆయన పనిచేసే గది. చిన్న మిషను మీద కొయ్య గిర్రున తిరుగుతోంది. ఆయన దానికి లక్క కడ్డీ ఆనిస్తుంటే ఆ వేడికి కరిగి కొయ్య పసుప్పచ్చగా మారుతోంది.

"రాండమ్మా. ఈసారి సీసా తేలేదా?"

"తేలేదప్పా. అడిగి తెలుసుకుందామని వచ్చినా. ఆ రంగు దేంతో చేస్తావు?"

"లక్కలో పసుపుకొమ్ముల పొడి. అంతే."

"మరి నీళ్లు ఎర్రగా ఎందుకైనాయి?"

"ఏం నీళ్లని ఆ పొద్దే అడిగితిని, మీరు చెప్పలేదు."

"సబ్బునీళ్లు. వేడివి. ఇరవై నిమిషాలు."

ఆయన మిషను ఆపాడు. "బిడ్డకు దిష్టి తీస్తారా?"

"తీయకేం? శనివారం శనివారం తీస్తా."

"ఎర్రనీళ్లకు ఏం కలుపుతారు?"

"పసుపూ, సున్న..." అన్నాను.

"సబ్బు సున్నానికి చెల్లెలు కదమ్మా" అని తాత కడుపు పట్టుకుని నవ్వాడు. "లక్కను కూడా కరిగించేస్తాది. చొంగకు ఏమీ కాదు. చీరకు పోని రంగు ఉండాల్ల. బిడ్డ బొమ్మకు, లోపలికి పోయినా పరవాలేని రంగు ఉండాల్ల. మా మనవళ్లు ముగ్గురూ ఈ కొయ్యలు నమిలే పెరిగినారు."

"తప్పైంది. సంతకు రావప్పా."

"నా జాగాలో ఎవరుండారు?"

"పాప్‌కార్న్ మిషను."

"అది కదలదులే అమ్మా" అన్నాడు, ఈసారి నవ్వకుండా.

అది కదలలేదు. అసోసియేషన్ వాళ్లను పట్టుకుని నేను సంపాదించగలిగింది వెనకవైపు జనరేటరు పక్కన జాగా. తర్వాతి వారం తాత వచ్చినప్పుడు నేనూ పక్కనే నిలబడి, వచ్చిన ప్రతి తల్లికీ నా తప్పు మొదటినుంచీ చెప్పాను. మొదటి రోజు ఆయన బొమ్మలు రెండే అమ్ముడుపోయాయి. రెండు నెలలకు గాని ముందులా పోలేదు. "ఎర్రనీళ్ల బొమ్మలు కదా" అని దూరంగా తప్పుకునే ఒకావిడ ఇప్పటికీ ఉంది, ఆమెను నేనేమీ అనలేను.

పాపకిప్పుడు ఐదేళ్లు నిండాయి. బాత్రూంలో గడియారం పట్టుకుని గిలక్కాయకు కాపలా కూర్చున్న ఆ అరవై రెండేళ్ల పడుచును తలచుకుంటే నవ్వు వస్తుంది. కొంచెం జాలి కూడా. ఎంత శ్రద్ధగా తప్పు చేసిందో! ఆమె అప్పట్లో రాసిపెట్టిన పట్టిక ఇది, ఆఖరి పద్దు మాత్రం మొన్న నేను చేర్చాను.

పోయినవి: గిలక్కాయ ఒకటి. గుడ్డ ఏనుగు కన్ను ఒకటి. ఎర్ర కారు ఒకటి, దానికి విచారం లేదు. తాతకు ఆదివారాలు నాలుగు, గేటు పక్క జాగా ఒకటి. అందినదల్లా నోట్లో పెట్టుకునే పాప, ఒకతె.