ముందు క్లిప్పు, తర్వాతే మూత

జ్యోతి పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో, కార్మికులకు శిక్షణ ఇచ్చే విభాగంలో పనిచేస్తుంది. కంప్యూటర్లో బొమ్మలు కదిలించడం వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుంది. తల్లి మొగులమ్మది అదే కంపెనీలో ప్యాకింగ్ పని. ఆమెకు చదువు రాదు.

ఆ ఎండాకాలం బిజయ్ అనే ఒడిశా కార్మికుడు రవ్వలు లేవకుండా డ్రమ్మును వైరుతో నేలకు కలిపే ఎర్తింగ్ క్లిప్పు తగిలించకుండానే, ఇట్టే అంటుకునే సాల్వెంట్ ఉన్న డ్రమ్ము మూత తీశాడు. పోస్తుండగా రవ్వ లేచి చేతులు కాలాయి. జాగ్రత్త చెప్పే పోస్టర్ గోడ మీదే ఉంది, తెలుగులో, ఇంగ్లీషులో. అతనికి రెండూ రావు.

చదవక్కర్లేని పోస్టర్ చేయాలనుకుంది జ్యోతి. ఒక చెయ్యి వచ్చి డ్రమ్ముకు క్లిప్పు పెడుతుంది, ఆ తర్వాతే మూత తీస్తుంది. గీతలతో చేసిన ఆ యానిమేషన్ కంప్యూటర్లో ముచ్చటగా ఆడింది. కంపెనీ చాట్ గ్రూపులో పెడితే మాత్రం ఎవరి ఫోన్లోనూ తెరుచుకోలేదు.

"వదిలెయ్ జ్యోతీ, ఇంకో పోస్టర్ కొట్టిద్దాం" అన్నాడు సేఫ్టీ ఆఫీసర్ ప్రవీణ్‌కుమార్.

"పోస్టర్ అప్పుడు గూడ ఉండె గద సార్."

"సరే, నీ ప్రయత్నం నువ్వు చెయ్" అన్నాడు.

గ్రూపులో దానంతటదే ఆడాలంటే బొమ్మను జిఫ్ అనే కదిలే బొమ్మ ఫైలుగా మార్చాలి. మొదటిసారి మారిస్తే వెనక నలుపు వచ్చి క్లిప్పుకున్న నల్లటి వైరును మింగేసింది. తెలుపు వేసింది. అప్పుడు ఫైలు బరువెక్కి సగంలో ఆగిపోయింది. రంగులు తగ్గించింది, అక్కర్లేని కదలికలు తీసేసింది. చివరికి ఆడింది. ఆ సాయంత్రం కంపెనీ బస్సులో తల్లికి చూపించింది.

మొగులమ్మ తదేకంగా చూసింది. "మూత తీసినంక క్లిప్పు పెడ్తుందేందే?"

"ముందే పెడ్తుందమ్మా, మంచిగ సూడు."

"సూస్తనే ఉన్న. మూత, క్లిప్పు, మళ్ల మూత. ఏది ముందుగాల?"

జ్యోతికి కోపం వచ్చింది. ఫోను లాక్కొని తనూ చూసింది. నిజమే. ఆగకుండా తిరుగుతున్న బొమ్మకు మొదలెక్కడో తెలియడం లేదు.

"అమ్మా, నీకు అంకెలు తెలుస్తయి గద?"

"తెల్వకుంటే రోజు ఈ బస్సెట్ల ఎక్కుత?"

మర్నాడు క్లిప్పు దగ్గర పెద్దగా ఒకటి, మూత దగ్గర రెండు వేసింది జ్యోతి. చివర బొమ్మ కాస్త ఆగి, తెరంతా తెల్లబడి, మళ్లీ మొదలయ్యేలా చేసింది. ప్లాంటులోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి దారిలో చూసేలా షిఫ్టు బస్సులు బయల్దేరే ముందు గ్రూపులో పెట్టింది. ఈసారి అందరి ఫోన్లలోనూ ఆడింది.

చేతులు మానాక బిజయ్ పనిలోకి తిరిగొచ్చాడు. ఒకరోజు అద్దాల తలుపు అవతల అతను కొత్తగా చేరినవాడికి పని చూపిస్తుంటే జ్యోతి ఆగింది. బిజయ్ క్లిప్పు తగిలించి ఒక వేలు ఎత్తాడు. మూత మీద చెయ్యి పెట్టి రెండు వేళ్లు ఎత్తాడు. కొత్తవాడు తలూపి, తనూ అలాగే చేశాడు.

పక్కకు వచ్చి నిలబడిన ప్రవీణ్‌కుమార్ కూడా అది చూశాడు. "యాసిడ్ క్యాన్లకు గూడ గిట్లనే ఒకటి చేస్తవా?"

"నిన్ననే మొదలువెట్టిన సార్" అంది జ్యోతి.