జువ్వలదిన్నెకు తీసుకెళ్లిన ఫొటో

ఆరేళ్లుగా చెన్నైలోని ఒక ల్యాబ్‌లో చిప్పులను పరీక్షిస్తున్నాను. తయారయ్యేటప్పుడు ఎవరైనా డిజైన్‌లో లేని భాగాన్ని దొంగచాటుగా చేర్చారేమో వెతకడం నా పని. రిపోర్టు పంపాక అది ఎవరికి చేరుతుందో తెలియదు. నాకు దొరికిందేమిటో ఒక్క మనిషికైనా ఎదురుగా కూర్చుని చెప్పాలని ఎన్నాళ్లుగానో ఉండేది. మా ఏసీ మెకానిక్ ప్రసాద్ వల్ల ఆ కోరిక తీరింది. అతని బావ ఏసోబు నడిపే పడవ రెండేళ్ల కిందట పొగమంచులో ఇసుక మేటకు కొట్టుకుని పగిలిపోయింది. అందరూ బతికారు కానీ, ఏసోబు కునుకు తీశాడని ఊరంతా నిందించింది. తల ఎత్తుకోలేక అతను మంగళూరు వెళ్లిపోయి పరాయి పడవల్లో పని చేస్తున్నాడు. ఆ పడవలో దారి చూపిన జీపీఎస్ పెట్టెను ప్రసాద్ నాకు తెచ్చిచ్చాడు. నేను కనిపెట్టినదాన్ని తన అక్కకు నన్నే చెప్పమన్నాడు.

పొద్దున్నే రైలెక్కి తొమ్మిదికల్లా నెల్లూరులో దిగాను. అక్కడినుంచి బస్సులో కావలికి గంటన్నర. కావలిలో జువ్వలదిన్నెకు ఆటో నాలుగు వందలకు కుదిరింది. "చేపలకా అమ్మా? ఆలస్యంగా వచ్చినారే, వేలంపాట అయిపోయుంటాది" అన్నాడు డ్రైవరు. మనుషుల కోసమన్నాను. రొయ్యల చెరువులు దాటాక ఉప్పుగాలి తగిలింది.

ప్రసాద్ అక్క సుగుణ హార్బరు దగ్గర వలలు బాగుచేస్తోంది. పక్కన కూర్చుని, ల్యాబ్‌లో తీసిన చిప్పు ఫొటో చూపించాను. "ఇలాంటి మంచి చిప్పునూ, మీ పెట్టెలోదాన్నీ ఒకే పని మీద నడిపాం. మీది కొంచెం ఎక్కువ కరెంటు తీసుకుంది. అనుమానమొచ్చి పొరపొరా ఒలిచి చూశాం. ఈ మూలనున్నది మంచిదాంట్లో లేదక్కా. కొన్ని గంటలు నడిచాక పడవ ఉన్నచోటును తప్పుగా చూపించేది ఇదే. ఎవరు పెట్టారో మాత్రం తెలియలేదు."

ఆమె చాలాసేపు ఆ మూలనే చూసింది. తర్వాత భర్తకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. "నీది తప్పు గాదంట. పెట్టెలోనే మోసం ఉండాదంట."

"ఎవురు చెప్పినారు?"

నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను. "అయితే ఆ పొద్దు నేను చుక్కాని సరిగానే తిప్పినానా?" అన్నాడు.

"సరిగానే తిప్పారన్నా."

"సుగుణా, ఫోను సముద్రం తట్టు పెట్టు."

"ఆడా సముద్రమే గదయ్యా."

"ఈడ పొద్దు నీళ్లల్లో గుంకతాది, మనూళ్లో మాదిరి నీళ్లల్లోంచి లేవదు. నాకింకా అలవాటు గాలా."

ఆమె లేచి నీళ్ల అంచుదాకా నడిచి, ఫోను పైకెత్తి పట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. "వస్తానన్నాడు. ఈలోపు ఈ ఫొటో తీసుకుని ఇల్లిల్లూ తిరగతా" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, పొలాలేవీ నా కంటికి ఆనలేదు. ఏసోబు ముఖం నేను చూడలేదు, ఎప్పటికైనా చూస్తానో లేదో. ఇన్నేళ్లూ నేను పంపిన రిపోర్టుల అవతల ఇంకెవరు ఎదురుచూశారోనని మొదటిసారి దిగులేసింది. మీరెప్పుడైనా జువ్వలదిన్నె వెళ్తే, కావలి నుంచే ఆటోను రానూపోనూ మాట్లాడుకోండి. వెయిటింగు మాత్రం గంటకు కుదుర్చుకోకండి, పూట మొత్తానికి అడగండి. అక్కడ భోజనం పెట్టకుండా ఎవరూ పంపరు.