ఎండ వెంట నడిచే బల్లలు

"...అంటే నన్నూ కుండీలో పెట్టి నీళ్ళు పోస్తారా ఏంటండీ?" అని అరుస్తున్నారు లెక్చరరుగారు.

"పొయ్యనులెండి. లేచి కాస్త ఇటు జరగండి చాలు," అంటోంది మా మేనత్త.

మా అత్త లైబ్రేరియను. ఆవిడకున్నది ఒక్కటే పిచ్చి. ఎండ ఎటు పోతే చదువుకునే గదిలోని బల్లలన్నీ అటు నడవాలి. ప్రతి బల్లమీదా ఓ చిక్కుడు మొక్క. మొక్క వెలుతురు కోసం మెడ చాస్తుంటే ఆవిడకి ప్రాణం ఒప్పదట. పొద్దున్న తూర్పు కిటికీ దగ్గర పేపరు తెరిచినవాళ్ళు చివరి పేజీకొచ్చేసరికి పడమటి కిటికీ చేరేవారు. ఎండలో దుమ్ము మెల్లగా తేలుతుంటే, కునికిపాట్లు పడుతూ, ఏటిలో పడవల్లా బల్లలతోపాటు సాగిపోయేవారు. గోడగడియారం ఆగిపోయి ఏడాదైనా ఎవరూ గమనించలేదు. బల్ల ఎక్కడుందో చూసుకుని భోజనానికి లేచేవారు.

ఒక కుండీని మాత్రం అత్త కావాలనే పక్కకి పడుకోబెట్టింది. "పైకేదో కిందికేదో దానికి ఒకరు చెప్పక్కర్లేదు, చూస్తూ ఉండు," అంది నాతో. నిజంగానే మూడు రోజులకి కాండం పైకి లేచింది. ఊడ్చే ఆవిడ "అయ్యో, పడిపోయిందమ్మా" అని నిలబెట్టింది. అత్త మళ్ళీ పడుకోబెట్టింది. నెలరోజులు ఇద్దరూ పట్టు విడవలేదు. పాపం ఆ మొక్క మేడమెట్లలా పెరిగింది.

అక్కడ కార్డులు రాసే పని నాది. బల్లలు మొయ్యడం అదనం.

"కుండీలు మారిస్తే చాలదా అత్తా? మనుషులెందుకు?"

"మొక్క ఒక్కత్తీ వెళ్తే బెంగపెట్టుకుంటుందే."

లెక్చరరుగారు ఫిర్యాదు రాశారు. వచ్చే సోమవారం బల్లలకి బోల్టులు వేసి నేలకి బిగిస్తామని లైబ్రరీ సంఘం అధ్యక్షుడిగారి నుంచి కబురొచ్చింది. ఆ రోజు అత్తకి అన్నం సయించలేదు.

"కుండీలు కిటికీల్లో పెడదాంలే," అన్నాను.

"పిచ్చిమొహమా, కుండీల కోసమనుకున్నావా?" అంటూ కళ్ళతోనే మూలబల్ల చూపించింది.

అక్కడ కంపోజిటరు తాతగారు. నలభై ఏళ్ళు ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చిన మనిషి. ఇప్పుడు ఎండ పడితేనే అక్షరం కనిపిస్తుంది. ఆ మాట పైకి చెప్పరు. ఓసారి అత్త దీపం తెచ్చి పక్కన పెడితే, "నాకెందుకమ్మా ఇది?" అని లేచి వెళ్ళిపోయి వారంరోజులు రాలేదట.

"ఆయన బల్ల ఒక్కటే జరిపితే తెలిసిపోదూ? అందుకే అందరివీ."

"అధ్యక్షుడిగారికి చెప్పేయ్ మరి."

"చెబితే నలుగురికీ తెలుస్తుంది. అప్పుడిక ఆయన అసలు రారు."

సోమవారం అధ్యక్షుడుగారు వడ్రంగిని వెంటబెట్టుకొచ్చారు. "మధ్యాహ్నందాకా కూర్చుని చూడండి. తరవాత మీ ఇష్టం," అంది అత్త. మూలబల్ల దగ్గరే కుర్చీ వేసింది. ఆ రోజు ఏ బల్లా కదల్లేదు.

ఎండ మాత్రం కదిలింది. తాతగారి పేపరు మీంచి జారి నేలమీదికి దిగింది. ఆయన పేపరుతో సహా దానివైపు కొంచెం వంగారు. ఇంకొంచెం వంగారు. కుర్చీ అంచుదాకా వచ్చేశారు.

"ఏం పెద్దాయనా, ఇబ్బందిగా ఉందా?" అన్నారు అధ్యక్షుడుగారు.

"నాకేం ఇబ్బందండీ? పాపం, మొక్కకే చీకటయింది."

అధ్యక్షుడుగారు మొక్కవైపు చూశారు. తాతగారివైపు చూశారు. వడ్రంగిని పిలిచారు.

"బోల్టులొద్దు. అన్ని బల్లలకీ చక్రాలు బిగించు."