వేపకొమ్మ మీది తేనెతుట్టె

నిరుడు ఉగాది ఉదయం ప్రొద్దుటూరులో మా ఇంటి దగ్గరి పార్కుకు వేపపువ్వు కోసం వెళ్లాను. తోడుగా పక్కింటి మరియమ్మ వచ్చింది. రిటైరైన టీచరు. క్రైస్తవులు కాబట్టి వాళ్లింట్లో ఉగాది లేదు గానీ, నాతో నడక మాత్రం మానదు.

కర్రతో కింది కొమ్మలు తడితే పచ్చడికి సరిపడా దోసెడు పువ్వు రాలింది.

"సాల్లేక్కా, పోదాం పా" అంది.

చారుకు ఎండబెట్టుకోవడానికి ఇంకో రెండు దోసిళ్లు కావాలని నా లెక్క. పై కొమ్మను కర్రతో గట్టిగా కొట్టాను. దెబ్బ ఆకుల చాటున ఉన్న తేనెతుట్టెకు తగిలింది. తేనెటీగలు జుమ్మంటూ నా మీదికి వచ్చాయి. డెబ్బై నాలుగేళ్లదాన్ని, పరుగెత్తలేక కూలబడ్డాను. మరియమ్మ తన కొంగు నా తలమీద కప్పి, నన్ను పొదువుకుని కూర్చుంది. మెడ మీద, మూతి మీద ఆమెనే కుట్టాయి.

ఈగలు సర్దుకున్నాక పార్కు వాచ్‌మన్ కాగడా పట్టుకొచ్చాడు.

"దీన్ని ఈడ ఉంచకూడదమ్మా, కాల్చేస్తా."

"వద్దప్పా! వాటింటి మీద పడి కొట్టింది మేము. అవి ఊరకుంటాయా?" అంది మరియమ్మ వాచిన మూతితో. తర్వాత నావైపు తిరిగి, "పువ్వు సాలిందా అక్కా, ఇంగా కొడతావా?" అంది.

ఏడుస్తూనే నవ్వాను.

ఈ ఉగాదికి ఆ చెట్టు కిందే రాలిన పువ్వు ఏరుకున్నాను. పైన ఈగలు పూతమీద తిరుగుతున్నాయి. అవీ నేనూ ఇంకా బతికున్నామంటే మరియమ్మ చలవే.